సంఘం తరఫున సేంద్రియ ధాన్యం మర, దాణా యూనిట్ పెడుతున్నాం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొర్రచేను (కళ్యాణదుర్గం)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. చుట్టుపక్కల ఊళ్లలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులం కలిసి సంఘం పెట్టుకున్నాం. వేరుశనగ, అందులో సాళ్లుగా కంది, కొర్ర, జొన్న, బోర్ల కింద కాస్త వరి మా పంటలు. పండించడం వరకు బాగానే ఉంది. ఇబ్బందంతా ఆడించడం దగ్గరే.

ఇప్పుడు కొర్రలు ఆడించాలంటే ట్రాలీ ఆటో మాట్లాడుకుని చాలా దూరం వెళ్లాలి. అక్కడ మా ముందు ఎవరి సరుకు ఆడిందో తెలియదు. మందులు కొట్టిన పంట పోసిన తొట్టిలోనే మాది పోస్తారు. మేము ఇచ్చిన గింజ మాకే తిరిగొస్తోందన్న నమ్మకం లేదు. కొనేవాళ్లకు మాత్రం ‘మాది సేంద్రియం’ అని చెప్పాలి. అందుకే సొంత మర పెట్టాలని నిర్ణయించుకున్నాం. షెడ్డు ఉంది, త్రీఫేజ్ కరెంటు వస్తుంది.

చిరుధాన్యాలు, వరి, కంది ఆడించాలని, మిగిలిన తవుడు, నూకలు, చూరి (పప్పు ఆడించగా మిగిలే ముక్కలు, పొడి)తో ఆవులకు, గొర్రెలకు, నాటుకోళ్లకు దాణా కలపాలని ఆలోచన. ముందు ఏ మిషన్లు కొనాలి? దాణా ఇప్పుడే మొదలుపెట్టాలా, ఆగాలా? సబ్సిడీ ఏమైనా వస్తుందా?

ఇంకో విషయం. మర ఇంకా మొదలే కాలేదు, తవుడు మీద సంఘంలో అప్పుడే పంచాయితీ వచ్చింది. తవుడు మరకే వదిలేయాలని సగం మంది, రైతుకు ఇచ్చేయాలని సగం మంది. మీ దగ్గర ఎలా చేస్తారు?

గిర్ని_జహీరాబాద్

తమ్ముడూ, మేము చిన్న గిర్ని నడుపుతున్నాం. ఎక్కువగా జొన్న, కొర్ర, సామ, కంది.

బ్రోచర్లు చూసి ముందే పొట్టు తీసే మిషన్‌కు అడ్వాన్సు ఇవ్వకండి. ముందు శుభ్రం చేసే మిషన్లు కొనండి: జల్లెడలు మార్చుకునే గ్రేడరు, రాళ్లు తీసే డీస్టోనరు. మీది ఎర్రనేల, కళ్లంలో ఎత్తిన కొర్రల్లో గింజ సైజు రాళ్లు ఉంటాయి. అవి గాలికి పోవు, జల్లెడలో ఆగవు, బరువు తేడాతో మాత్రమే విడిపోతాయి. డీస్టోనరు లేకుండా ఎంత మంచి మిషన్ పెట్టినా కొన్నవాళ్లు రెండోసారి రారు. గ్రేడింగు సరిగ్గా లేకపోతే పొట్టు తీసే మిషన్‌లో పెద్ద గింజ నూకైపోతుంది, చిన్న గింజ పొట్టుతోనే బయటికొస్తుంది. అన్ని గింజలూ ఒకే సైజులో ఉంటేనే మిషన్ సెట్టింగ్ నిలుస్తుంది.

పొట్టు తీయడానికి చిరుధాన్యాలకు సెంట్రిఫ్యూగల్ మిషన్ (గింజను వేగంగా విసిరి కొట్టి పొట్టు ఊడగొట్టేది) చాలు. కొర్ర, సామ తొందరగా ఒలుస్తాయి. అరికెలు, ఊదలు మొండివి, రెండోసారి తిప్పాలి. వరికి రబ్బరు రోలర్ల షెల్లరు వేరేగా ఉండాలి. ఒకే మిషన్‌లో అన్నీ ఆడతాయని చెప్పేవాళ్లను, మీ బస్తా తీసుకెళ్లి మీ ముందే ఆడించి చూపించమనండి. రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థకు వెళ్తే మిషన్లు నడుస్తుండగా చూడొచ్చు. ఇద్దరు ముగ్గురు వెళ్లండి, వాళ్లలో మర నడపబోయే మనిషి తప్పకుండా ఉండాలి.

గింజ మారిపోవడం గురించి మా పద్ధతి చెప్తా. ప్రతి సంచికి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. రైతు పేరు, ఊరు, పంట, తూకం, తేమ. ఒక రైతుది అయిపోయాక మిషన్ కాసేపు ఖాళీగా తిప్పి, తొట్టి, గొట్టాలు బ్రష్‌తో తుడిచాకే రెండో రైతుది పోస్తాం. మరీ తక్కువ తెచ్చేవాళ్లను ఒకే ఊరివాళ్లైతే వాళ్లు ఒప్పుకుంటేనే కలుపుతాం.

సేంద్రియం కాని గింజను మేము లోపలికే రానివ్వం. ఇది మా పెద్ద నియమం. చుట్టాలు కూడా కోపం తెచ్చుకున్నారు, అయినా మార్చలేదు.

గోదారి_దేశవాళీ (తణుకు దగ్గర)

గిర్ని అన్నగారి మాట మీద గౌరవం ఉంది కానీ, ఒక్క సేంద్రియం మీదే మర నడపడం అన్ని చోట్లా కుదరదండి. పంట వచ్చిన మూడు నాలుగు నెలలు పని ఉంటుంది. తర్వాత మరకు తాళమే. కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం ప్రతి నెలా వస్తుంది, ఆపరేటరుకు జీతం ఇవ్వాలి. మేము వారంలో రెండు రోజులు సేంద్రియానికి ఉంచి మిగతా రోజులు అందరికీ ఆడిస్తాం. ఆ డబ్బే మరను నిలబెడుతోంది.

గిర్ని_జహీరాబాద్

> వారంలో రెండు రోజులు సేంద్రియానికి ఉంచి మిగతా రోజులు అందరికీ ఆడిస్తాం

నిబంధనలు దీన్ని ఒప్పుకుంటాయి, కాదనను. విడిగా నిల్వ, విడిగా ఆడింపు, రాతలో లెక్క ఉంటే సరిపోతుంది. కానీ గింజను పైకి ఎత్తే మీ ఎలివేటరు అడుగున ఉండే బూట్ (కింది పెట్టె) విప్పి చూడండి. అక్కడ ఎప్పుడూ గింజ మిగిలే ఉంటుంది. బకెట్లకు అందని గింజ అది. రాత్రి పది గంటలకు పని ముగించిన ఆపరేటరు మళ్లీ దాన్ని విప్పి తుడుస్తాడా? మనం పక్కనుంటే తుడుస్తాడు. ఏడాదంతా మనం పక్కనుండలేం కదా.

రెండూ ఆడించే వాళ్లయితే ఎలివేటర్ లేకుండా చేత్తో పోసే చిన్న మిషన్లే మేలు. తుడవడం తేలిక. సేంద్రియం మొదలుపెట్టేటప్పుడు మొదట వచ్చే కొన్ని కిలోలను పక్కన పెట్టి మామూలు దాణాకు పంపాలి.

లెక్కలపుస్తకం (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కర్నూలు)

సబ్సిడీ గురించి అడిగారు కాబట్టి చెప్తాను.

చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు 2020లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ పథకం ఉంది. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, బ్యాంకు రుణంతో ముడిపడిన సబ్సిడీ. మీ వాటా కనీసం 10 శాతం ఉండాలి. సంఘాలకు విడిగా నిబంధనలు ఉన్నాయి. ఇప్పుడు దరఖాస్తులు ఎంతవరకు తీసుకుంటున్నారో జిల్లా రిసోర్స్ పర్సన్‌ను కలిసి కనుక్కోండి. దాణా వైపు పెద్దగా వెళ్లాలనుకుంటే పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి కింద 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. గోదాము, గ్రేడింగు యూనిట్ లాంటివాటికి వ్యవసాయ మౌలిక వసతుల నిధిలో కూడా 2 కోట్ల రుణం వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది.

నా సర్వీసులో చూసింది చెప్తున్నా. మిల్లులు మూతపడింది మిషన్ చెడిపోయి కాదు, సరుకు కొనడానికి చేతిలో డబ్బు లేక. సబ్సిడీ మిషన్‌కు వస్తుంది. కంది కోతల్లో రైతు దగ్గర కొని ఆర్నెల్లు నిల్వ చేయడానికి కావలసిన డబ్బుకు రాదు. అందుకే మొదటి ఏడాది కూలికి ఆడించడం మాత్రమే పెట్టుకోండి. రైతు గింజ తెస్తాడు, మీరు ఆడిస్తారు, కూలి తీసుకుంటారు. సంఘం పేరుతో కొని అమ్మడం రెండో ఏడాదికి ఉంచండి.

ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పశుదాణా తయారీ, నాణ్యత, అమ్మకాల మీద ప్రత్యేక చట్టం ఉంది. సభ్యుడు తెచ్చిన సరుకు కలిపి ఇవ్వడం వేరు, దాణా బస్తాలు కుట్టి బయట అమ్మడం వేరు. రెండో దానికి లైసెన్సు కావాలి. పశుసంవర్ధక శాఖ ఆఫీసులో ముందే మాట్లాడండి.

మన్యం_సామలు (పాడేరు)

నేను గిరిజన మహిళా సంఘాలతో పనిచేస్తాను. సామలు, చోడి, కొర్ర మా పంటలు. ఒకప్పుడు ఆడవాళ్లు తెల్లారకముందే లేచి రోకలి పట్టేవారు. చిన్న మర వచ్చాక ఆ శ్రమ తగ్గింది. దూరంగా పెద్ద మర ఉండటం కంటే నాలుగూళ్లకు ఒక చిన్న మర ఉండటం మేలు. ఎందుకంటే సామలు అమ్మడానికే కాదు, తినడానికి కూడా. అలా తినడానికి ఆడించుకునేవాళ్లు కొద్దికొద్దిగా తెస్తారు. ‘ఇంత ఉంటేనే ఆడిస్తాం’ అంటే వాళ్లు మళ్లీ రేషన్ బియ్యానికే వెళ్లిపోతారు.

తవుడు రైతుకే ఇవ్వాలన్నది నా అభిప్రాయం. మా దగ్గర ఇంట్లో కోళ్లు, పంది, ఆవు ఏదో ఒకటి ఉంటుంది. తవుడు, పొట్టు ఆడవాళ్ల చేతికి వెళ్తాయి, వాటితో పెంచిన కోడి డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది. తవుడు మర ఉంచుకుంటే ఆ డబ్బు మర చేతికి పోతుంది. సంఘంలో మాట్లాడేటప్పుడు మగవాళ్లనే కాదు, ఆడవాళ్లను కూడా అడగండి.

గోదారి_దేశవాళీ (తణుకు దగ్గర)

అక్కా, మీ మాట అర్థమైంది. కానీ మా ప్రాంతంలో ఎప్పటినుంచో తవుడు, ఊక మిల్లుకే. దానికి బదులు ఆడింపు కూలి తగ్గిస్తారు, కొన్నిచోట్ల అసలు తీసుకోరు. రైతుకూ అదే అలవాటు. తవుడు ఇచ్చేసి పూర్తి కూలి అడిగితే ‘కొత్తగా ఇదేంటి’ అంటారు.

లెక్కలపుస్తకం

ఇద్దరూ తవుడు గురించి మాట్లాడుతున్నారు. అసలు ఎంత తవుడు వస్తుందో ఎవరూ లెక్క వేయలేదు.

100 కిలోల వడ్లలో ఊకే సుమారు 20 కిలోలు. తెల్లగా పాలిష్ పడితే 8 కిలోల దాకా తవుడు వస్తుంది. పౌర సరఫరాల కోసం పచ్చిబియ్యం ఆడించే మిల్లులకు ప్రభుత్వం పెట్టిన లెక్క 67 శాతం బియ్యం. కానీ సేంద్రియ బియ్యం కొనేవాళ్లు ఏమడుగుతున్నారు? దంపుడు బియ్యం లేదా ఒక్క పట్టు బియ్యం (కొద్దిగా మాత్రమే పాలిష్ పట్టినవి). అంటే తవుడు బియ్యం మీదే ఉండిపోతుంది. అప్పుడు మీ చేతికి వచ్చే తవుడు రెండు మూడు కిలోలే. కొర్రబియ్యం కూడా పాలిష్ పట్టకుండా అమ్ముతున్నారు కాబట్టి వచ్చేది ఎక్కువగా పొట్టు, దుమ్ము. అది మేత కాదు.

కొర్రచేను గారూ, మీ సంఘం ఏ బియ్యం అమ్మాలని అనుకుంటోంది? పాలిష్ లేనిదే అయితే తవుడు మీద మీ పంచాయితీ అక్కడితో సగం తీరిపోతుంది. మీ దాణా యూనిట్ తవుడు మీద నడవదని కూడా అప్పుడే తేలిపోతుంది.

కొర్రచేను (కళ్యాణదుర్గం)

లెక్కలు గారూ, ఈ కోణంలో మేము చూడనే లేదు. అమ్మబోయేది పాలిష్ లేనిదే. మరి దాణాకు సరుకు ఎక్కడ నుంచి తేవాలి? బయట కొంటే అది సేంద్రియం కాదు కదా.

గిర్ని_జహీరాబాద్

కంది నుంచి తేవాలి తమ్ముడూ. మీ వేరుశనగ సాళ్లలో కంది ఉండనే ఉంది. కంది ఆడిస్తే పప్పు 70 నుంచి 75 శాతం వస్తుంది. మిగిలింది చూరి, పొట్టు. చూరిలో మంచి మాంసకృత్తులు ఉంటాయి, పశువులు ఇష్టంగా తింటాయి. కాబట్టి మీకు వరి షెల్లరు కంటే చిన్న పప్పు మిల్లు ముందు కావాలి. అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన పీకేవీ మినీ దాల్ మిల్లు మా వైపు చాలాచోట్ల నడుస్తోంది. విడిభాగాలు దొరకడం కష్టం కాదు.

ఇంకో లాభం ఉంది. కందిని కందిగానే నిల్వ పెడితే పుచ్చు పురుగు పడుతుంది. మనం పురుగును చంపే మందు బిళ్లలు వాడలేం. త్వరగా పప్పు చేసి పెట్టుకుంటే ఆ బెడద చాలా తగ్గుతుంది.

రెండో సరుకు వేరుశనగ చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిండి. ఊళ్లో గానుగ ఎవరైనా పెట్టారా? సభ్యుల కాయలు ఆడించి నూనె వాళ్లకిచ్చి చెక్క మీరు కొనుక్కోవచ్చు.

పశువైద్యం

నేను పశువైద్యుడిని. వేరుశనగ చెక్క మాట వచ్చింది కాబట్టి ఆగి కొంచెం వివరంగా రాయాలి. ఈ చర్చలో అన్నిటికంటే నాకు ముఖ్యమైంది ఇదే.

అనంతపురంలో కాయ ఊరే సమయంలో వానలు లేక భూమి ఎండిపోవడం మామూలే. సరిగ్గా అప్పుడే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు నేలలోనే కాయలోకి చేరుతుంది. కోత తర్వాత తడి కాయలు కుప్ప వేస్తే ఇంకా పెరుగుతుంది. అది తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్. గానుగ పట్టినప్పుడు విషంలో ఎక్కువ భాగం నూనెలోకి కాదు, చెక్కలోకి వెళ్తుంది. ఎండబెట్టినా, ఉడికించినా పోదు. ఆవు తింటే పాలలో అఫ్లాటాక్సిన్ ఎం1 రూపంలో బయటికొస్తుంది. మన దేశంలో పాలలో దీనికి పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. కోళ్లలో పెరుగుదల ఆగిపోతుంది, కాలేయం చెడుతుంది. బాతు పిల్లలకైతే కొంచెం చాలు, చనిపోతాయి.

పురుగుమందు లేని పంట అని దీనికి మినహాయింపు లేదు. సేంద్రియ రైతు దగ్గర ఈ విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. కొనేవాళ్లు పిల్లలకు పెట్టే పాల కోసం మన దగ్గరికి వస్తున్నారు.

ఏం చేయాలి? కాయలు 8 శాతం తేమకు దిగేదాకా ఎండాలి. ముడతలు పడ్డ గింజ, రంగు మారిన గింజ, పగిలిన కాయ గానుగకు వెళ్లకూడదు. ఈ ఏరివేత వల్లే విషం చాలా తగ్గుతుంది, ఎందుకంటే అది అన్ని గింజల్లో సమానంగా ఉండదు, కొన్ని గింజల్లో విపరీతంగా ఉంటుంది. ఏరిన చెత్త గింజను దాణాలో కలపకండి. ‘పశువులకే కదా’ అని చాలాచోట్ల కలిపేస్తారు. దాన్ని తగలబెట్టాలి. ప్రతి కొత్త లాటు చెక్కనూ పరీక్ష చేయించండి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దీని మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది, తక్కువ ఖర్చుతో పరీక్షించే ఎలీసా పద్ధతిని వాళ్లు తయారుచేశారు. సంఘంగా వెళ్తే ఖర్చు పంచుకోవచ్చు.

మొక్కజొన్న కొంటే 12 శాతం తేమ దాటనివ్వకండి. తేమ మీటరు లేని రోజు ఒక పద్ధతి ఉంది. పొడి గాజు సీసాలో పొడి ఉప్పు, గింజలు వేసి గట్టిగా ఊపండి. సీసా గోడకు ఉప్పు అంటుకుంటే తేమ సుమారు 15 శాతం దాటినట్టే. ఆ బస్తా తీసుకోవద్దు.

అరికెల గురించి కూడా. 2024 అక్టోబరు చివర్లో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో పది ఏనుగులు చనిపోయాయి. అవి అరికె పంట మేశాయి, వాటి శరీరంలో సైక్లోపియాజోనిక్ ఆమ్లం దొరికింది. అది కూడా బూజు విషమే. వానకు తడిసిన అరికెల నూకలను, పొట్టును దాణాలో వేయకండి.

నాటుకోడి_నల్గొండ

డాక్టర్ గారూ, ధన్యవాదాలు. చెక్క పరీక్ష గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

కోళ్ల దాణా వైపు మా కష్టం చెప్తాను. గ్రామప్రియ జాతి కోళ్లు, నాటుకోళ్లు పెంచుతున్నాం. గింజ దొరుకుతుంది: నూకలు, జొన్న, సజ్జ, కొర్ర. ఇవి మొక్కజొన్న బదులు పనికొస్తాయి. దొరకనిది మాంసకృత్తి. పత్తి చెక్క వాడదామంటే దేశంలో పత్తి దాదాపు అంతా బీటీ, జన్యుమార్పిడి పంట సేంద్రియంలో కుదరదు. పైగా అందులోని గాసిపాల్ అనే విషపదార్థం కోళ్లకు మంచిది కాదు. సోయా చెక్క కొందామంటే 2021లో జన్యుమార్పిడి సోయా చెక్కకు కేంద్రం దిగుమతి అనుమతి ఇచ్చింది. అప్పటి నుంచి కొనే ముందు ఎక్కడిదో అడగాల్సి వస్తోంది. ఆదిలాబాద్ వైపు రైతుల దగ్గర నేరుగా సోయా గింజలు కొనడం మేలు. అవి పచ్చిగా పెట్టకూడదు, వేయించాకే ఆడించాలి. లేకపోతే మాంసకృత్తి అరగదు.

ఇంకా మెథియోనిన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం) తక్కువ పడుతుంది. మామూలు దాణా కంపెనీలు పొడి రూపంలో కృత్రిమంగా కలుపుతాయి. సేంద్రియంలో అది కుదరదు. మేము తెలగపిండి వాడుతున్నాం, నువ్వుల్లో మెథియోనిన్ బాగా ఉంటుంది. ఎండుచేపల పొడి కొద్దిగా. గుడ్లు పెట్టే కోళ్లకు సున్నపురాయి పలుకులు విడిగా గిన్నెలో పెడతాం, కావలసినంత అవే తింటాయి.

కొర్రచేను అన్నా, మీ మరలో కోడి దాణా కూడా కలిపితే మేము ఇక్కడి నుంచి తెప్పించుకుంటాం అనను. లారీ కిరాయికే సరిపోతుంది. దాణా అన్నది చుట్టుపక్కల ఊళ్లకే. మీ చుట్టూ ఎన్ని పశువులు, ఎన్ని కోళ్లు ఉన్నాయో ముందు ఇంటింటికీ తిరిగి రాసుకోండి, మిక్సరు సైజు ఆ తర్వాత నిర్ణయించుకోండి.

గోదారి_దేశవాళీ (తణుకు దగ్గర)

తవుడు విషయంలో ఒకటి చేర్చాలి. వచ్చింది తక్కువైనా, దాచే సరుకు కాదు. పచ్చి తవుడు మర నుంచి బయటపడ్డ గంటల్లోనే పాడవడం మొదలవుతుంది. నూనె విడిపోయి చేదెక్కుతుంది. తవుడు నూనె మిల్లులు వాళ్ల లారీని రోజూ పంపేది అందుకే. మీరు వారం రోజులు మూలన పెట్టి తర్వాత కలుపుతానంటే పశువు మూతి పెట్టదు. రెండు మూడు రోజుల్లో వాడేయాలి. సజ్జపిండి కూడా ఇంతే, ఎక్కువ రోజులు నిలవదు, కొద్దికొద్దిగా ఆడించుకోవాలి.

మన్యం_సామలు (పాడేరు)

అంత తొందరగా పాడయ్యేదైతే రైతు ఇంటికే పంపడం ఇంకా మేలు కదా. ఆ రోజే పశువుకు పెట్టేస్తారు.

లెక్కలపుస్తకం

అవునమ్మా. బలవంతం ఎందుకు, రెండు దారులూ ఉంచండి. మర గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: తవుడు, చూరి తీసుకెళ్లేవారికి కూలి ఇంత. మరకు వదిలేవారికి ఆ రోజు ధర లెక్కగట్టి కూలిలో తగ్గింపు ఇంత. తూకం రైతు ముందే. చీటీ మీద రెండూ రాసి ఇవ్వండి. ఎవరికి ఏది కావాలో వాళ్లే ఎంచుకుంటారు. కోళ్లున్న ఇల్లు తీసుకెళ్తుంది, లేని ఇల్లు వదిలేస్తుంది. ఏ రైతూ ‘నా తవుడు తినేశారు’ అనలేడు. సంఘాల్లో గొడవలు ఎక్కువగా రాయని లెక్కల దగ్గరే వస్తాయి.

కొర్రచేను (కళ్యాణదుర్గం)

నిన్న సంఘం మీటింగులో ఈ చర్చంతా చదివి వినిపించాను. అక్క చెప్పినట్టు ఈసారి ఆడవాళ్లను కూడా పిలిచాం. వాళ్లలో ఎక్కువ మంది చూరి కావాలన్నారు, తవుడు గురించి పెద్దగా పట్టించుకోలేదు. రెండు రేట్ల పద్ధతికి అందరూ ఒప్పుకున్నారు.

మొదటి ఏడాది గ్రేడరు, డీస్టోనరు, చిరుధాన్యాల పొట్టు మిషన్, చిన్న పప్పు మిల్లు తీసుకుంటాం. వరి షెల్లరు తర్వాత. సేంద్రియం కానిది లోపలికి రానివ్వకూడదని నిర్ణయించాం. సభ్యుల గింజలో పీజీఎస్ సర్టిఫికెట్ (రైతుల గుంపే ఒకరినొకరు తనిఖీ చేసుకుని పొందే సేంద్రియ ధ్రువీకరణ) ఉన్నదీ, ఇంకా మారుతున్న దశలో ఉన్నదీ వేర్వేరు రంగు సంచుల్లో పెడతాం. వేరే జిల్లాలకు ప్యాకెట్లు పంపే రోజు వస్తే మరకు విడిగా ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే సేంద్రియ ధ్రువీకరణ) గురించి ఆలోచిస్తాం. దాణా మాత్రం సభ్యుల వరకే, బస్తాలు కుట్టి బయట అమ్మం.

రెండు ప్రశ్నలు మిగిలాయి. బిళ్లలు లేకుండా నిల్వ ఎలా? ఆవులకు, గొర్రెలకు దాణాలో ఏది ఎంత కలపాలి?

గిర్ని_జహీరాబాద్

నిల్వ: గాలి చొరబడని మూడు పొరల సంచులు దొరుకుతున్నాయి. గింజ బాగా ఎండాక అందులో పోసి గట్టిగా కడితే లోపలి పురుగుకు గాలి అందక చస్తుంది. తేమ ఉన్న గింజ పోస్తే మాత్రం బూజు పడుతుంది. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఒక అడుగు దూరంగా పేర్చండి. ముక్కుపురుగు పాత గోనెల్లో దాగి వస్తుంది, గోనెలు ఎండలో పరిచి దులపకుండా లోపలికి తేకండి. ఎలుకలకు మందు వద్దు, బోనులు పెట్టండి. తలుపు కింద సందు రేకుతో మూయించండి. మర చుట్టూ రాలిన గింజ రోజూ ఊడ్చేస్తే సగం ఎలుకలు రావు.

దుమ్ము గురించి మర్చిపోకండి. పొట్టు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దుమ్మును గాలి నుంచి వేరుచేసే సైక్లోను, దుమ్ము సంచి మిషన్‌తోపాటే కొనండి, తర్వాత కొందాం అంటే ఎప్పటికీ కొనరు. దాణా ఆడించే హ్యామర్ మిల్లు నోటి దగ్గర అయస్కాంతం తప్పనిసరి. మేకులు, బోల్టులు పశువు కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

పశువైద్యం

పాడి ఆవులకు 100 కిలోలకు ఇలా కలపొచ్చు: మొక్కజొన్న లేదా జొన్న 35, వేరుశనగ చెక్క 20, కంది చూరి 17, తవుడు 20, తెలగపిండి 5, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1. ఇందులో మాంసకృత్తులు 18 శాతం దాటతాయి. పచ్చి తవుడు 20 కంటే ఎక్కువ వేయకండి, గానుగ చెక్కలోనూ నూనె ఉంటుంది కాబట్టి కొవ్వు మోతాదు మించి అరుగుదల తగ్గుతుంది. తవుడు దొరకని రోజుల్లో ఆ భాగానికి నూకలు, చూరి పెంచుకోవచ్చు. యూరియా అసలు వద్దు. ఖనిజ మిశ్రమాన్ని నేరుగా మిక్సరులో చల్లితే ఒక చోటే పడిపోతుంది. ముందు కొంచెం తవుడులో చేత్తో బాగా కలిపి, ఆ తర్వాత మిక్సరులో వేయండి.

ఆవుకు ఒంటి పోషణకు రోజుకు కిలో నుంచి కిలోన్నర, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు కిలో చొప్పున. గేదెకైతే రెండు లీటర్లకు కిలో. పచ్చిగడ్డి బాగా దొరికితే తగ్గించండి.

గొర్రెలకు మాత్రం ఇదే దాణా పెట్టకండి. ఆవుల ఖనిజ మిశ్రమంలో రాగి ఎక్కువ ఉంటుంది. గొర్రె శరీరం రాగిని బయటికి పంపలేదు, కాలేయంలో పోగుపడి ఒక రోజు ఉన్నట్టుండి పచ్చకామెర్లతో, ఎర్రటి మూత్రంతో చచ్చిపోతుంది. గొర్రెలకు విడిగా అమ్మే ఖనిజ మిశ్రమమే కలపండి. దాణా సంచి మీద ‘ఆవు’, ‘గొర్రె’ అని రంగుతో రాయించండి. మిక్సరులో ముందు గొర్రెల దాణా కలిపి, తర్వాత ఆవులది కలపండి.

పొట్టేళ్లను దాణా మీద మేపేవాళ్లుంటే తవుడు తగ్గించమని చెప్పండి. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. మగ గొర్రెలకు మూత్రంలో రాళ్లు కట్టి మూత్రం ఆగిపోతుంది. క్వింటాలు దాణాకు కిలో, కిలోన్నర సున్నపురాయి పొడి కలిపి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచితే ఆ ఇబ్బంది చాలావరకు రాదు. మొదటి లాటు కలిపాక ఒక కిలో నమూనా తీసి పరీక్షకు పంపండి, ఫలితం వచ్చాక ఇక్కడ పెట్టండి, మోతాదులు చూసి చెప్తాను.